గూడు తీస్తేనే పడుతుంది

మధ్యాహ్నం. బొమ్మలు గీసే గదిలో నేల మీద దుప్పటి పరిచి, కంప్యూటర్ డబ్బాను దాని మీద పక్కకి పడుకోబెట్టారు. టార్చి అక్క చేతిలో ఉంది, స్క్రూడ్రైవర్ చెల్లెలి చేతిలో.

“ఈ రేడియేటర్ పట్టదే చిట్టీ. పైన పెడితే ర్యామ్‌కి కొట్టుకుంటోంది, చూడు.”

“కొంచెం ఇటు జరిపితే?”

“ఎటు జరిపినా అంతే. చవగ్గా వస్తోందని కొన్న రేకు డబ్బా ఇది. దీన్లోకి ఇంత రేడియేటరా! బీరువాలో మంచం దూర్చినట్టుంది.”

“వేడెక్కి ఊరికే ఆగిపోతోంది, పొద్దుట్నుంచీ గీసిందంతా పోతోందని ఏడ్చింది నువ్వేగా? అందుకే తెచ్చాను. ఇది నీళ్లతో చల్లబరుస్తుంది. ఫ్యాను కంటే నయం.”

“తెచ్చావు, సంతోషమే. మా చిట్టి నాకోసం ఒక వస్తువు మోసుకురావడం, అదీ మూడంతస్తులు ఎక్కి... సరే, వెనక పెడదామా?”

“వెనక ఒక్క ఫ్యానుకే చోటు. ముందు పెట్టాలి.”

“ముందు హార్డ్ డిస్క్ గూడుంది కదే.”

“తీసేద్దాం.”

“తీసేద్దామా?”

“నాలుగు స్క్రూలక్కా. గూడు తీస్తే రేడియేటర్ అతికినట్టు సరిపోతుంది.”

“మరి డిస్క్?”

“నేను పట్టుకెళ్తాను.”

“ఎక్కడికి?”

“అంటే... మా ఇంటికి. రెండ్రోజులు. బయట తగిలించుకునే పెట్టె దొరుకుతుంది, అందులో బిగించి తెస్తాను.”

“పెట్టె ఎందుకు? మదర్‌బోర్డు పలక వెనక ఖాళీ ఉంది. రెండు స్క్రూలతో అక్కడ బిగిద్దాం.”

“అక్కడ వేడి.”

“ఏం వేడి? వెనక కేబుళ్లు తప్ప ఏమున్నాయి?”

“వేడేనక్కా, నీకు తెలీదు. టార్చి సరిగ్గా పట్టు. ఆఁ... ఇంకొక్కటి... వచ్చేసింది. అబ్బ, ఎంత దుమ్ము!”

“డిస్క్ ఇలా ఇవ్వు.”

“ఉండు, తుడుస్తాను.”

“తుడిచేదాన్ని సంచిలో పెడతారా ఎవరైనా?”

“తుడిచే గుడ్డ సంచిలోనే ఉందీ...”

“చిట్టీ.”

“ఊఁ.”

“నా మొహం చూసి మాట్లాడు.”

“చూస్తూనే ఉన్నాగా.”

“లేదు, సంచిని చూస్తున్నావు. ఈ రేడియేటర్‌లో సగం సైజుది దొరుకుతుంది. వెనక ఫ్యాను చోట బుద్ధిగా కూర్చుంటుంది. అది తేకుండా ఇది తెచ్చావేం?”

“షాపువాడు ఇదే ఇచ్చాడు.”

“సరిగ్గా గూడు తీస్తే తప్ప పట్టనిది, వాడే ఏరి ఇచ్చాడా?”

“అబ్బ, ఏంటక్కా నువ్వు! ఏదో మంచి చేద్దామని వస్తే...”

“నాలుగేళ్లుగా నేను గీసిన ఉడత కథలన్నీ ఆ డిస్క్‌లో ఉన్నాయి. ఇంకో కాపీ లేదనీ నీకు తెలుసు, ఉన్న రెండో కాపీ పాడైన రోజు నువ్విక్కడే ఉన్నావు. సంచి ఇలా తే.”

“నేను చెప్పేది విను ముందు.”

“చెప్పు.”

“అరవకూడదు.”

“చెప్పవే!”

“నువ్వు పొమ్మన్న ఆ కార్టూన్ల కంపెనీ వాళ్లు... నా దగ్గరికొచ్చారు. అసలు బొమ్మలు చేతికిస్తే పని మొదలుపెడతామన్నారు. నేను... సంతకం పెట్టేశాను.”

“నా ఉడతకి నువ్వు సంతకం పెట్టావా?”

“‘మా ఇద్దరిదీ’ అనేదానివిగా అందరి ముందూ.”

“అన్నాను. నోరారా అన్నాను.”

“వాళ్లు దానికి మాటలు పెడతారట. గొంతు నాది. నాదక్కా! పన్నెండేళ్లుగా డబ్బింగుల్లో గుంపు అరుపులే అరుస్తున్నాను. ఎక్కడో ఎవరో దగ్గితే ఆ దగ్గు నాది. తలుపవతల ఎవరో ఏడిస్తే ఆ ఏడుపు నాది. సొంత అక్క బొమ్మ గీసింది కదా అని మురిసిపోతే, అది నోరే తెరవదు! ఒక్క మాట అనిపించమని ఎన్నిసార్లు అడిగాను?”

“అది మాట్లాడదు.”

“అదే, ఎందుకు మాట్లాడదు? మాట్లాడితే నీ సొమ్మేం పోయింది?”

“ఐదేళ్లు వచ్చేదాకా నువ్వు మాట్లాడలేదే.”

“నేనా?”

“నీకు గుర్తుండదులే. మూగదనే అనుకున్నారందరూ. నా గౌను అంచు పట్టుకుని ఇల్లంతా తిరిగేదానివి. ఆకలేస్తే రెండు బుగ్గలూ పూరించి చూపించేదానివి. కోపమొస్తే మంచం కిందకి దూరేదానివి. నాకొక్కదానికే అర్థమయ్యేది. ఆ ఉడత బుగ్గలు ఎవరివనుకున్నావు?”

“అక్కా...”

“దానికి మాటలు పెట్టి అమ్మేద్దామని నా ఇంటికొచ్చావు. దొంగతనానికొచ్చి, టార్చి కూడా నా చేతే పట్టించావు.”

“ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు.”

“చెప్పి ఉంటే మానేదానివా?”

“తెలీదక్కా. నిజంగా తెలీదు. ఇదిగో, తీసుకో డిస్క్. చెయ్యి చాపు.”

“నా చేతికివ్వకు. దుప్పటి మీద పెట్టు.”

“ఏడవకక్కా.”

“నేనేం ఏడవట్లేదు. ఫోనేదీ నాది? మీ బావకి చేస్తాను.”

“బావకెందుకు?”

“ఎందుకేంటి? నీ బొమ్మ నీ ఇష్టం, ఎవరికీ ఇవ్వొద్దని గట్టిగా నిలబడింది ఆయనొక్కడే. ఆఫీసులో ఎంత పనున్నా వదిలేసి వస్తాడు.”

“చెయ్యకక్కా.”

“సిగ్గేస్తోందా ఇప్పుడు?”

“నాకు కాదు. చెయ్యకు, నా మాట విను.”

“వదులు నా చెయ్యి!”

“షాపుకి డబ్బా కొలతలు రాసిచ్చింది బావేనక్కా. ఆఫీసుకి వెళ్లలేదు. కింద కారులో కూర్చున్నాడు, నేను డిస్క్ తెస్తానని.”