సీలు విప్పని ఆఖరి అధ్యాయం

ఇంగ్లండులోని హేస్టింగ్స్ ఊళ్లో సముద్రం వైపు గది. పాత డిటెక్టివ్ నవలలు వెతికి మళ్లీ అచ్చువేసే కుర్రాడు కాగితాలు కోసే కత్తి పట్టుకుని కూర్చున్నాడు. రచయిత కూతురు, ఎనభై దాటిన మనిషి, ఆఖరి అధ్యాయం చుట్టూ కాగితంతో సీలు వేసున్న తండ్రి పుస్తకం మీంచి చెయ్యి తియ్యడం లేదు.

"సీలు విప్పకపోతే ఆఖరి అధ్యాయం అచ్చెలా వెయ్యనండీ? యుద్ధంలో పబ్లిషరు గిడ్డంగి బాంబులకి కాలిపోయాక మిగిలిన ప్రతి ఇదొక్కటే."

"కొన్నవాళ్లు సీలు విప్పకుండా తిరిగిస్తే పబ్లిషరు డబ్బు వాపసు ఇచ్చేవారట కదా?"

"ఇచ్చేవారు. కానీ ఉండబట్టలేక అందరూ విప్పేసేవారు."

"మా అమ్మ పోయేదాకా విప్పలేదు."

"ఎందుకని?"

"మమ్మల్ని వదిలేసి వెళ్లాక నాన్న రాసి పంపింది బాబూ ఇది. ఇందులో మొగుడికి ఎవరో విషం పెడతారు. పెళ్లాం పేరు హెస్టర్. మా అమ్మ పేరే."

"పోనీ, వద్దంటారా?"

ఆమె పుస్తకం మీంచి చెయ్యి తీసింది.

"కొయ్యి."

కాగితం తెగింది. కుర్రాడు గబగబా పేజీలు తిప్పాడు.

"చెప్పవేం? అమ్మేనా?"

"కాదండీ. మొగుడే విషం తాగి, నేరం ఆవిడ మీదకి తోశాడు. ప్రాణం పోయేముందు మాత్రం, 'తప్పంతా నాదే హెస్టర్, క్షమించు' అన్నాడు."

ఆమె తెగిన కాగితాన్ని వేళ్లతో నిమిరింది.

"అమ్మ బతికినన్నాళ్లూ ఇది ఆవిడ దిండు కిందే ఉంది, బాబూ."