హాలుకు అత్తయ్య పేరు

కొత్త పార్కింగ్ భవనం ప్లాను కాలనీ సంఘం బల్ల మీద పరిచి ఉంది. గీసింది అల్లుడు, సంతకం పెట్టాల్సింది మామ.

"పైన నాలుగంతస్తులు కార్లకి. కింద అందరికీ హాలు. దానికి అత్తయ్య పేరు పెడదాం, మావయ్యా."

"అంబులెన్సు ఎటు నుంచి వస్తుంది?"

"వెనక సందులోంచి. అక్కడ బళ్లు ఆపకూడదని బోర్డు పెడతాం."

"అప్పుడూ ఉంది బోర్డు. దాని కిందే ఆపావు నీ కారు. మీ అత్తయ్యని మంచంతో సహా మెయిన్ రోడ్డు దాకా మోశాం. దారిలోనే పోయింది."

అల్లుడు ప్లాను తన వైపు తిప్పుకున్నాడు.

"హాలు సగం తీసేసి, ముందు నుంచి దారి ఇవ్వు."

"హాలు మరీ ఇరుకైపోతుంది. అత్తయ్య పేరుకి బాగుండదు."

"పేరెవరడిగారు? దారి గియ్యి, సంతకం పెడతా."

అల్లుడు పెన్సిలు తీసి గీశాడు. మామ కొలిచి చూసి సంతకం పెట్టాడు.

"నన్ను క్షమించినట్టేనా, మావయ్యా?"

"సంతకం దారికి పెట్టాను."