తొంభై ఆరో పేజీలో కొమ్ము

ఎవరూ, తప్పులత్తయ్యా? అబ్బో, ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో. కూర్చోమ్మా. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు కూర్చో. అయితే నువ్వు ఆవిడ చెల్లెలి మనవరాలివన్నమాట. అవునులే, గడ్డం చూస్తే తెలుస్తోంది. ఆవిడా అంతే, నోరు తెరిచే ముందు గడ్డం కాస్త పైకెత్తేది. ఇంతకీ మీ ఇంట్లో ఏమనుకుంటారు ఆవిడ గురించి? ఊఁ. కళ్ళు పోయాయనీ, చివర్లో మతి కూడా కాస్త చెదిరిందనీ, ఎవరి మీదో లేనిపోని నింద వేసిందనీ. ఊఁ. అనుకోరూ మరి. సరే, చెప్తాను. అటూ ఇటూ పోతాను, విసుక్కోకు.

మా ప్రెస్సు రెండే రెండు గదులు. ముందు గదిలో కాలితో తొక్కే ట్రెడిల్ మిషను, దాని పైన గోడ పొడుగునా అటక, అటక నిండా కాగితం రీములు. వెనక గదిలో నేను. కంపోజిటర్ని. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, పేర్చి, లైను కట్టాలి. కొమ్ము వేరే, వత్తు వేరే, గుడి వేరే. మన అక్షరాలకి ఒంటి కంటే నగలెక్కువ కదమ్మా, ఏ నగ ఎక్కడ జారిపోయిందో చూసుకోలేక చచ్చేవాణ్ణి. చూసేది అత్తయ్య. కిటికీ పక్కన చిన్న బల్ల, ఎర్రసిరా పెన్ను, చెక్క స్కేలు. లైను కింద స్కేలు పెట్టి, ఒక్కో లైనూ దించుకుంటూ పోయేది. తప్పు దొరికితే "దొరికావురా దొంగా" అని లోపల్లోపల అనుకునేది, మాకందరికీ వినపడేది. అందుకే తప్పులత్తయ్య. ఆవిడ ముందరే అనేవాళ్ళం, నవ్వేది.

అప్పట్లో మేం వేసేవి ఎక్కువగా డిటెక్టివ్ నవలలు. చేతిలో పట్టేంత పుస్తకాలు, నెలకి రెండు. అత్తయ్యకి అవంటే ప్రాణం. ముప్ఫై పేజీలు దిద్దేసరికి "వంటవాడే చంపాడు, రాసిపెట్టుకోండి" అనేసేది. మిషను తొక్కే మావయ్య నెత్తి కొట్టుకునేవాడు, "తల్లీ, మమ్మల్ని కూడా కాస్త చదవనీ" అని. పుస్తకాల్లోనే కాదు, బయట కూడా అంతే. ఒకసారి మావయ్య డబ్బాలో అన్నం రోజూ సగం మాయమవుతోంది. పిల్లి అన్నాం, ఎలకన్నాం. అత్తయ్య డబ్బా మూత తిప్పి చూసి ఊరుకుంది. మర్నాటి నుంచి రెండు డబ్బాలు తెచ్చి ఒకటి పుస్తకాలు కుట్టే బైండింగు అక్క బల్ల కింద పెట్టేది. మూత మీద జిగురు వేలిముద్ర ఉందట. అక్కకి అప్పుడు ఐదో నెల, ఇంట్లో గడవని రోజులు. అదిగో, ఆవిడ డిటెక్టివ్ పని అలా ఉండేది. పదిమందిలో ఎవర్నీ నిలబెట్టేది కాదు. ముందు మనిషిని పక్కకి పిలిచి అడిగేది. ఇది గుర్తుపెట్టుకో, నేను మళ్ళీ చెప్పలేకపోవచ్చు.

ప్రెస్సు అన్నదమ్ములిద్దరిది. పెద్దాయన, చిన్నాయన అనేవాళ్ళం. పెద్దాయనకి చేతులు వణికేవి, మోకాళ్ళు సహకరించేవి కావు, కానీ ప్రెస్సంటే పంచప్రాణాలు. చిన్నాయనకి అదొక పీడ. అమ్మేసి ఇంకేదైనా పెడదామని రోజూ పోరు. ఒక శనివారం సాయంత్రం అందరం ఐదింటికి వెళ్ళిపోయాం. ఏడింటికి చిన్నాయన వీధిలోకి పరిగెత్తుకొచ్చి కేకలు పెట్టాడు. పెద్దాయన అటక నిచ్చెన మీంచి జారి, మిషను ఇనప అంచు తలకి తగిలి పడున్నాడు. ఆస్పత్రికి చేర్చేసరికి పోయాడు. అక్కడ డాక్టరు అన్నాడట, దెబ్బ తగిలిన గంటలోపు తెచ్చుంటే బతికేవాడని. పోలీసాయన వచ్చాడు, చూశాడు. "ఐదు తర్వాత ప్రెస్సులో అన్నయ్య ఒక్కడే ఉన్నాడండీ, నేను వచ్చేసరికి ఇలా" అని చిన్నాయన ఏడ్చాడు. పోలీసాయన రాసుకున్నాడు. వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులకి ప్రెస్సు తెరిచాం. ఆగిన పుస్తకం పూర్తి చెయ్యాలి కదా. మావయ్య చివరి ఫారం, అంటే ఆఖరి పేజీల కట్టు, మిషను మీద తొక్కి, తడి ఆరని కాగితం తెచ్చి అత్తయ్య ముందు పెట్టాడు. తొంభై ఆరో పేజీ దగ్గర స్కేలు ఆగిపోయింది. ఎంతసేపు చూసిందో. తర్వాత లేచి వెనక గదిలోకి వచ్చింది. "అబ్బాయ్, శనివారం నేను ఇంటికి పోతూ పోతూ దారిలో ఆగిపోయానురా. 'హంతకుడు తలపు వెనక దాక్కున్నాడు' అని వదిలేశాను. తలుపు కాదు, తలపు! కొమ్ము లేదు. వెనక్కొచ్చి దిద్ది పెద్దాయన చేతికిచ్చాను, ఐదుంబావు అయింది. ఆయన ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడు చూస్తే పేజీలో కొమ్ము ఉంది. ఆయన చేతులతో అక్షరం పట్టుకోలేడు. మరి ఆ కొమ్ము ఎవరు పెట్టారు?" అంది. గొంతు ఎంత మెల్లగా ఉందంటే, పక్కనున్న బైండింగు అక్కకి కూడా వినపడలేదు. "భయపడకు, నువ్వేమైనా చూశావా?" అంది.

ప్రెస్సంతటికీ కంపోజిటర్ని నేనొక్కణ్ణే కదమ్మా.

నేనే పెట్టాను. ఎదురుగా టీ కొట్టు దగ్గర ఉంటే పెద్దాయన గుమ్మంలోంచి చెయ్యూపి పిలిచాడు, ఒక్క కొమ్ము పెట్టేసి పో నాయనా అని. పెట్టాను, బిగించాను. అత్తయ్య దిద్దిన కాగితం గోడ మేకుకి గుచ్చాను. ఇంతలో ముందు గదిలో చిన్నాయన గొంతు. మిషను తుక్కు కింద కొనేవాణ్ణి చూశానంటాడు. పెద్దాయనకి రోషమొచ్చింది. "నాన్న కట్టిన ప్రెస్సు బోర్డు అటక మీదుంది, దాన్ని దించి నీ ముందు పెడతాను, అప్పుడు అను ఆ మాట" అని ఆ మోకాళ్ళతోనే నిచ్చెనెక్కాడు. చిన్నాయన నిచ్చెన పట్టుకుని ఊపాడు. "దిగు! దిగి మాట్లాడు!" అని ఊపాడమ్మా, నేను సగం తలుపు మీంచి చూశాను. పడ్డాడు. ఆ చప్పుడు… సరే. చిన్నాయన తల తిప్పితే నేను కనిపించాను. "నువ్వు ఐదింటికే వెళ్ళిపోయావు" అన్నాడు. అరవలేదు, బెదిరించలేదు. నాకు పని చెప్పినట్టు చెప్పాడు. నేను పెరటి తలుపులోంచి వెళ్ళిపోయాను. అప్పటికి ఆరు కాలేదు. వెళ్ళేటప్పుడు చూశాను, పెద్దాయన ఎడమ చెయ్యి కదిలింది. వణుకుడు చెయ్యి కదా, వణికిందేమో అనుకున్నాను. అలా అనుకోవాలని అనుకున్నాను. అక్కణ్ణుంచి ఆస్పత్రి ఎంత దూరమనీ, రెండు వీధులు.

లేదు, ఆగు, మంచినీళ్ళు అక్కర్లేదు. చెప్పనీ.

అత్తయ్య అడిగితే నేనేమన్నానో తెలుసా? "ఐదుంబావుకి నేనెక్కడున్నానత్తయ్యా, ఇంట్లో ఉన్నాను. ఆ తప్పు శనివారం పొద్దున్నే నా కంట పడితే దిద్దేశాను, మీరు పాత ప్రూఫు చూసుంటారు" అన్నాను. నావంక చూసింది. "మరి నేను దిద్దిన కాగితం మేకుకి ఉండాలే" అంది. మేకుకి లేదు. ఆ పొద్దున అందరికంటే ముందొచ్చి నేనే పీకేశాను. అక్షరాలు కడిగే కిరసనాయిలు డబ్బాలో ముంచి, గుడ్డలతో పాటు పారేశాను.

ఆవిడ వదల్లేదు. మర్నాడు పోలీసాయన్ని పిలిపించింది. మమ్మల్నందర్నీ ముందు గదిలో నిలబెట్టింది, మావయ్యనీ, అక్కనీ, చిన్నాయన్నీ, నన్నూ. ఆవిడ దిద్దిన నవలల్లో చివర అలాగే ఉంటుంది కదా. చీర కొంగు దోపుకుని, గడ్డం పైకెత్తి, ఒక్కొక్కటే విప్పింది. మెట్లెక్కలేని మనిషి నిచ్చెన ఎందుకెక్కాడు, ఐదు తర్వాత కొమ్ము ఎలా వచ్చింది, అక్కడ ఇంకో మనిషి ఉన్నాడు, ఉంటే చిన్నాయన చెప్పిన మాట అబద్ధం. ఎంత చక్కగా చెప్పిందనుకున్నావు! ఒక్క తప్పు లేదు. పోలీసాయన నావైపు తిరిగాడు. "ఏమయ్యా?" అన్నాడు. అత్తయ్య కూడా చూసింది. నేను చెప్తానని నమ్మకంగా చూసింది. నేను తల వంచుకుని, "అత్తయ్యకి కుడికంట్లో శుక్లం వస్తోందండీ. ఈమధ్య లేని తప్పులు చూస్తోంది, ఉన్నవి వదిలేస్తోంది. మాకందరికీ తెలుసు, బాధపడుతుందని చెప్పలేదు" అన్నాను.

ఎక్కడ కొట్టానో చూడు. కాలూ చెయ్యీ కాదు, ఆవిడ బతుకంతా ఆ కళ్ళే.

మావయ్య నేల చూశాడు. అక్క కొంగుతో జిగురు చేతులు తుడుచుకుంది. చిన్నాయన మాత్రం "పోనీండి, పెద్దావిడ, అన్నయ్య మీద అభిమానంతో అంది" అని పెద్దమనసు చూపించాడు. అత్తయ్య బల్ల దగ్గరికెళ్ళి, ఆ కాగితం తీసి ముఖానికి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. "నిజమేనేమో అబ్బాయ్" అంది. "నా కళ్ళే నన్ను మోసం చేశాయేమో." ఆ తర్వాత చిన్నాయన దగ్గరికెళ్ళి చేతులు జోడించింది, క్షమించు బాబూ అని. నా కళ్ళముందే. నేను నిలబడే ఉన్నాను. మర్నాటి నుంచి పనికి రాలేదు. ఇంకో ప్రెస్సువాళ్ళు కూడా పిలవలేదు, చూపు పోయిన ప్రూఫ్ రీడరు ఎవరిక్కావాలి? నన్ను చిన్నాయన ఫోర్‌మన్ని చేశాడు. మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి అప్పుడు. అది సాకు కాదులే. సాకే.

రెండు నెలలు ఆ వీధి వైపు పోలేదు. తర్వాత ఒక ఆదివారం కొత్త నవల పట్టుకుని వెళ్ళాను. "మీరు చదవలేరు కదా అత్తయ్యా, నేను చదువుతాను" అన్నాను. సిగ్గులేకపోతే సరి. "చదువు" అంది. అలా ఆరేళ్ళు. ప్రతి ఆదివారం వరండాలో స్టూలు వేసుకుని గంటసేపు చదివేవాణ్ణి. వంటవాడే అనేది కాదు, తోటమాలే అనేది కాదు. "ఎవరంటారు?" అని నేనే అడిగితే, "నాకిప్పుడు ఎవరి మీదా అనుమానం రాదబ్బాయ్, నువ్వే చెప్పు" అనేది. వీధివాళ్ళు నన్ను మెచ్చుకునేవాళ్ళు, సొంత కొడుకైనా ఇంత చెయ్యడని. నేను కాదనేవాణ్ణి కాదు.

చివరిసారి వెళ్ళినప్పుడు మంచం మీద ఉంది. జ్వరం తగ్గట్లేదు. ఒక పుస్తకం నాలుగు పేజీలు మిగిలుంటే చదివాను. హంతకుడు ఒప్పేసుకున్నాడు, కథ అయిపోయింది. అత్తయ్య కళ్ళు మూసుకునే అంది, "డాక్టరు నా కళ్ళకేం లేదన్నాడబ్బాయ్. కుడివైపు పల్చటి పొర, అంతేనట. చీమంత అక్షరమైనా కనిపిస్తుందన్నాడు." "ఎప్పుడన్నాడత్తయ్యా?" అన్నాను. "నువ్వు మొదటి ఆదివారం వచ్చావు చూడు, దానికి ముందు గురువారం" అంది.

ఆరేళ్ళు, తల్లీ. చూపున్న మనిషి చూపు లేనట్టు కూర్చుని ఆరేళ్ళు నాచేత చదివించుకుంది. ఒక్కసారి అడగలేదు. నేను పేజీ తిప్పిన ప్రతిసారీ ఏమనుకుని ఉంటుందో చూడు. అప్పుడు కళ్ళు తెరిచి నావంక చూసింది. "ఇంకేమైనా ఉందా అబ్బాయ్?" అంది. గదిలో ఇద్దరమే ఉన్నాం. పక్కింటి వాళ్ళు కూడా లేరు. చెప్తే వినేది ఆవిడొక్కతే.

"లేదత్తయ్యా, అయిపోయింది" అన్నాను.

"సరే, పుస్తకం అక్కడ పెట్టి వెళ్ళు" అంది. ఆ వారంలోనే పోయింది. చిన్నాయన మరో పన్నెండేళ్ళు బతికాడు, గౌరవంగా. పోయినప్పుడు సంతాపం కాగితం నేనే కంపోజ్ చేశాను.

అలా చూడకమ్మా. తిట్టాలనుంటే తిట్టు. ఇప్పుడు చెప్పి ఏం లాభమంటావా? అదే కదా నేనూ అనుకుంటూ వచ్చాను. నీకెందుకు చెప్పానో నాకే తెలీదు. మీ ఇంట్లో వాళ్ళకి చెప్పు, ఆవిడ మతి… ఆఁ? ఏమన్నావు? మీ అమ్మమ్మ ఇంకా ఉందా? అంటే… ఆవిడ చెల్లెలు? ఉందా? చెవులు వినపడతాయా? ఇప్పటికీ అక్కయ్య చేసింది తప్పేననుకుంటోందా? ఊఁ. నన్ను రమ్మంటావు. నేనే వచ్చి చెప్పాలంటావు.

ఈ మోకాళ్ళతోనా? బస్సెక్కడమే కష్టమవుతోందమ్మా. చూద్దాంలే. టీ తాగు, చల్లారిపోయింది.