ఎవరి కడుపులో పురుగు

పంతొమ్మిది వందల అరవై రెండు. సండూరు కొండల్లో, గని కూలీల లైన్ల పక్కనున్న రేకుల షెడ్డు. బళ్లారి ఆసుపత్రి నుంచి కడుపులో పురుగుల పరీక్షకు వచ్చిన పద్మనాభ బల్ల ముందు కూర్చున్నాడు. ఎదురుగా గనిలో రాయి మోసే మారెక్క. గుమ్మం దగ్గర పందులు సాకే హనుమంతమ్మ.

"పాపకు మళ్ళా మూర్ఛ వస్తే ఏం చేయాల సారూ? నిద్దర్లో నాలిక కొరుక్కుంటే? నేను గనిలో ఉన్నప్పుడు పొయ్యిలో పడితే? ఏదో ఒకటి అయితాది, నాకు తెలుసు. కన్ను మూస్తే పాడె కనపడతాంది."

"బళ్లారిలో ఇచ్చిన మాత్రలు వేస్తాండావు కదా మారెక్కా. మూర్ఛలు తగ్గినాయి కదా?"

"తగ్గినాయి. పోలేదు. ఏడేండ్ల పాప సారూ నా సిద్ది. చేతి మీద గడ్డ కోసి, దాంట్లో పురుగు పిల్ల ఉండాది, తలకాయలో గూడా ఉంటాది అన్నారు. పంది పురుగంట. ఈ లైన్లో పందులు ఎవరికుండాయి? అదో, గుమ్మం పట్టుకోని నిల్చుకోనుండాది. హనుమంతమ్మా, లోపలికి రా! ఏం, కాళ్ళు రావా?"

"ఆమెను ఎందుకు పిలిచినావు? ఎవరి పరీక్ష సంగతి వాళ్ళకే చెప్తా నేను."

"కాదు. ఆమె ముందరే చెప్పాల. నిన్న గాదిలింగప్ప పెద్దమనిషి అందరి చేతా మారెమ్మ బండారు, అమ్మోరి పసుపు, ముట్టించి ఒట్టు పెట్టించినాడు. ఎవరి కడుపులో పురుగు బయటపడితే వాళ్ళు మూట కట్టుకోని లైను విడిచిపోవాల. పట్టుబట్టి ఆ మాట పెట్టించింది నేనే. ఆమె గూడా ముట్టింది."

"అట్ల పెట్టకూడదమ్మా. జబ్బు పడటం తప్పు కాదు."

"మీ పాప నురగలు కక్కిందా సారూ, మీ ఒళ్ళో?"

"సరే. పొద్దున హనుమంతమ్మ పందుల నాలికలు పట్టి చూసినా. ఒకదానికి నాలిక కింద బియ్యపు గింజల మాదిరి బొడిపెలుండాయి."

"చూసినావా! నేను చెప్పలే? ఇంగ ఏం చెప్తావే హనుమంతమ్మా? నోరు ఎండిపోయిందా? చూడు సారూ, పలకదు. పాపం చేసినోళ్ళు యాడ పలుకుతారు!"

"సగం విని ఎగరొద్దు. మీ పాప పంది మాంసం తినిందా?"

"మారెమ్మ సాక్షి! వాసన గూడా చూడలే. అందుకే చెప్తాండా, ఈమే దేంట్లోనో కలిపి పెట్టింటాది."

"మాంసం తినకుండా పందినుంచి నేరుగా రాదు మారెక్కా. విను. ఆ గింజలుండే మాంసం సరిగ్గా ఉడకకపోతే, తిన్నోళ్ళ పేగులో పొడుగు పురుగు పెరుగుతాది. పట్టీ మాదిరి. దాని గుడ్లు దొడ్డికి పోయినప్పుడు బయటపడతాయి. బయల్లో దాన్ని తిని పందికి గింజలొస్తాయి. ఆ పురుగుండే మనిషి చెయ్యి కడుక్కోకుండా కూడు కలిపి పెడితే, తినే బిడ్డకు గడ్డలొస్తాయి, మూర్ఛలొస్తాయి."

"అంటే మనిషి చెయ్యే."

"ఆ."

"ఎవరు? మేమందరం దొడ్డికి పోయి తెచ్చిచ్చిన డబ్బీలన్నీ బూతద్దంలో చూసినావు కదా? పేరు చెప్పు. ఆ చెయ్యి విరుస్తా. ఈ కొండల్లో యాడా కూలి దొరకకుండా చేస్తా."

"హనుమంతమ్మ డబ్బీలో ఏమీ లేదు."

"ఉండాల! మళ్ళా చూడు."

"మళ్ళా గూడా చూసినా. లేదు."

"అయితే నాగక్క. ముందటి లైను నాగక్క అప్పుడెప్పుడో నా పాపకు బొరుగులు పెట్టింది, నేను చూసినా."

"నాగక్క కాదు. సిద్దికి దినామూ కూడు ఎవరు పెడతారు?"

"నేను. ఇంకెవరు? మూర్ఛ వచ్చినప్పటినుంచి ఇంకొకరి చేతి నీళ్ళు గూడా తాగనీయలే. ఎవరు ఏం పెడతారో అని భయం సారూ. సంకటి నేనే పిసికి, చల్లార్చి, నేనే నోట్లో పెడతా."

"అంతకు ముందు?"

"ముందూ నేనే. దానికి నా చేతి ముద్దే కావాల."

"నువ్వు పంది మాంసం తిన్నావా?"

"నన్నెందుకు అడుగుతాండావు?"

"తిన్నావా, లేదా?"

"తోరణగల్లు జాతరలో... ఎప్పుడో. మా గనిలో పనిచేసే కెంచప్ప నిప్పుల మీద కాల్చి ఇచ్చినాడు. అందరూ తిన్నారప్పా, నేనొకదాన్నేనా?"

"హనుమంతమ్మా, నువ్వు కొంచెం బయటికి పో తల్లీ."

"పోవద్దు! విననీ. సారూ... ఎందుకు పొమ్మంటావు? నన్నెందుకట్ల చూస్తాండావు?"

"నీ డబ్బీలోనే మారెక్కా."

"కాదు."

"మందిస్తా. తాగితే పురుగు పడిపోతాది. మళ్ళా వచ్చి పరీక్ష చేస్తా, పాపకు గూడా..."

"కాదు సారూ! డబ్బీలు మారిపోయినాయి."

"మారలే."

"నా చేత్తోనా? నా... సారూ, బండారు ముట్టినా నేను. రేపు గాదిలింగప్ప అడుగుతాడు. పాపను ఎత్తుకోని యాడికి పోవాల? దోవలో మూర్ఛ వస్తే? మాత్రలు ఎవరిస్తారు?"

"నా నోటితో చెప్పను. భయపడొద్దు."

"నువ్వు చెప్పవు. ఈమె వినింది కదా! హనుమంతమ్మా... అక్కా. చెప్పవు కదా? నీ సూడి పందిని రాళ్ళతో కొట్టించింది నేనే. నీళ్ళ కాడ నీ బిందె తన్నింది నేనే. తప్పయిపోయిందక్కా. పలుకు. తిట్టన్నా తిట్టు."

"ఊరికే ఉండు మారెక్కా. ఆమెను ఆలోచించుకోనీ."

"ఎంతసేపని సారూ? అట్లనే చూస్తాంది. రెప్ప గూడా కొట్టదు. అక్కా, కాళ్ళు పట్టుకుంటాండా. కొడితే కొట్టు. పలకవేంది? ఏమన్నా అను. హనుమంతమ్మక్కా!"

"కాళ్ళు వదులు. గాదిలింగప్పకు చెప్పను. లైన్లో ఎవరికీ చెప్పను. నన్ను చూస్తే నీ కూతురు ఉమ్ముతాది, పురుగులదానా అంటాది. నేర్పించింది నువ్వు. ఆ పురుగు ఎవరి చేత్తో వచ్చిందో దానికి నువ్వే చెప్పాల. ఈ పొద్దే. నేను వింటా."