కానుగ వేళ్ల బుడిపెలు

చిత్తూరులో ఇంటి వెనక పెంచుతున్న కానుగ మొక్కల ముందు కోడలు గొంతుక్కూర్చుంది. తిరుపతి యూనివర్సిటీలో ఆమె పరిశోధన వాటి వేళ్ల మీదే. పక్కన అత్త నిలబడింది.

“అత్తా, ఈ వరసకు యూరియా వేసినావా?”

“వేసినానే. పాపం, పాలిపోయినాయి. ఇప్పుడు సూడు, ఎంత పచ్చగా ఉండాయో!”

“దీనికి ఏమీ వెయ్యొద్దని చెప్పినాను గదా!”

కోడలికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ వరసలో ఒక మొక్కను, చివరనున్న ఇంకో మొక్కను పీకి మట్టి దులిపింది.

“సూడు, వేరు నున్నగా ఉండాది. యూరియా తగలని ఈ చివరి మొక్క సూడు.”

“అయ్యో, వేరంతా బుడిపెలు! తెగులా?”

“కాదత్తా. ఆ బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాల్లో నత్రజనిని పట్టి మొక్కకు తిండి చేసి పెడతాయి. మట్టిలోనే నత్రజని దండిగా దొరికితే, మొక్క బుడిపెలు పెట్టేది తగ్గించేస్తాది.”

“ఎందుకు పెడతాది? నేను వండి పెట్టబట్టే గదా, నీ మొగుడికి పొయ్యి ముట్టించేది కూడా రాదు!”

కోడలికి నవ్వు ఆగలేదు.

“మళ్లీ విత్తనాలు నాటాల్సిందే. నువ్వూ సాయం రావాల.”

“వస్తాలే.” అత్త ఇంట్లో ఉన్న కొడుకును కేకేసింది. “ఒరే అబ్బోడా, బియ్యం డబ్బా యాడుండాదో తెలుసునా?”