ఆయన్ని టెన్షన్ పెట్టకండి

అది కాదండీ డాక్టరుగారూ, ఆ మాట అనేముందు మీరు ఒక్క క్షణం ఆలోచించవలసింది. "మీ ఆయన్ని టెన్షన్ పెట్టకండమ్మా" అనేశారు. అదీ ఆయన వింటుండగా! రక్తపోటు ఆయనది, హెచ్చరిక నాకు.

ఒక మనిషి మొయ్యనన్న బరువు గాలిలో తేలుతుందా చెప్పండి? పక్కవాళ్ల భుజం వెతుక్కుంటుంది. మా ఇంట్లో ఆ భుజం ఎవరిదో వేరే చెప్పాలా?

ఆ రోజునుంచి ఆయన తీరు చూడాలి మీరు! స్నానాలగది గోడలోంచి నీళ్లు కారుతున్నాయండీ అంటే చాలు, మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టుకుని నాడి చూసుకుంటారు. అంతే, ఇల్లంతా గప్‌చుప్. మా అత్తగారు పరుగున వస్తారు. "వాడికెందుకు చెప్పడం? నువ్వే ఎవర్నో పిలిపించవచ్చు కదమ్మా!" పిలిపించాను. గోడ పగలగొడుతుంటే ఆ దుమ్ములో నిలబడిందీ నేనే. ఆయన మాత్రం ప్రశాంతత కోసం వాళ్ల చెల్లెలింటికి వెళ్లారు.

మీరు నేర్పిన ఆ ఊపిరి వ్యాయామం ఒకటి! ముందుగదిలో చేస్తారు, సరిగ్గా నేను బడికి బయల్దేరే హడావుడిలో. కుక్కర్ కూత వెయ్యకూడదు. మిక్సీ తిరగకూడదు. పిల్ల పైకి చదవకూడదు. పాపం, మెట్ల మీద కూర్చుని చదువుకుంటోంది. "నాన్న గాలి పీల్చడం అయిందా అమ్మా, లోపలికి రావచ్చా?" అని తొంగిచూసి అడుగుతుంది. నవ్వకండి. ఆయన తీరిగ్గా ఊపిరి వదిలేవరకూ మేమందరం బిగబట్టుకుని ఉంటాం.

ఏడో తరగతికి లెక్కలు చెబుతాను నేను. ఈమధ్య ఆ పసివాళ్లమీద అరుస్తున్నాను. ఇంట్లో మింగిన అరుపులే అక్కడ బయటికొస్తున్నాయని తెలుసు. తెలిసీ ఆపుకోలేకపోతున్నాను.

అందుకే వచ్చాను ఈవేళ. నా రక్తపోటు కూడా చూడండి. ఆయన బయట బల్లమీద కూర్చున్నారు. పట్టుబట్టి నేనే లాక్కొచ్చాను. లోపలికి పిలిచి ఆ మాటే, అదే గొంతుతో, ఆయనకి చెప్పండి. "ఆవిణ్ని టెన్షన్ పెట్టకండి" అని. అప్పుడు ఆయన మొహం చూడాలి నేను. మందులేవీ అక్కర్లేదు నాకు.

ఎంతుంది?

మామూలుగా ఉందా! ఇంకోసారి చూడండి. ఈ చెయ్యి కాదు, ఆ చెయ్యి... అక్కడా అంతేనా? ఛీ, నా ఒళ్లు కూడా నా తరఫున సాక్ష్యం చెప్పదన్నమాట!

ఏమిటీ? ఇంత ఒత్తిడిలో ఇంత నిబ్బరంగా ఎలా ఉన్నానంటారా? ఏదైనా సాధన చేస్తున్నానా అనా?

ఆ తలుపు సరిగ్గా వేసి ఉందా?

ఉప్పు తగ్గించమన్నారు కదా మీరు. ఆయనకి వెయ్యడమే మానేశానండీ. పూర్తిగా. మాకు ఒక గిన్నె, ఆయనకి వేరే గిన్నె. మీ ఆజ్ఞేనని చెప్పాను. ఎదురుగా కూర్చుని కొసరి కొసరి వడ్డిస్తాను. మొదటి ముద్ద నమలలేక, మింగలేక, దీనంగా చూస్తారు. "ఒక్క చిటికెడు వెయ్యవే" అంటారు. "అమ్మో, డాక్టరుగారు కోప్పడతారండీ!" అంటాను. నా గొంతులో అంత తేనె ఎక్కడిదో! ఆ ముద్ద ఆయన గొంతు దిగుతుంటే, బిగుసుకున్న నా భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి. ఎంత హాయిగా ఉంటుందో మీకేం తెలుసు?

అలా చూడకండి. పాపమే, కాదనను. వేస్తాను. ఈ పూటనుంచే వేస్తాను, మీరు చెప్పినంత. ముందు ఆయన్ని లోపలికి పిలవండి మరి.

లేని జబ్బు ఉందని చెప్పలేనంటారా? జబ్బుందని ఎవరు చెప్పమన్నారండీ? నేనూ మనిషినేనని చెప్పమన్నాను. అదీ కుదరదా?

సరే లెండి. మీ నిజాయితీ మీ దగ్గరే ఉంచుకోండి. ఉప్పుడబ్బా నా దగ్గర ఉంది.