తోడికోడలి కంప

హైవేకి అవతల, విరిగిన డివైడర్‌కి ఎదురుగా చింతచెట్టు ఉంది చూశారూ, దాని కాయలు రాలి మట్టిలో కలిసిపోతాయి గాని మన ఊళ్ళో ఒక్కరూ ఏరుకోరు. ఎందుకు ఏరుకోరో చెబుతాను, దగ్గరికి జరగండి. చూసింది చూశానంటాను, విన్నది విన్నానంటాను, రెండూ కలిపి మిమ్మల్ని భయపెట్టను.

అప్పటికి అది చిన్న రోడ్డు. ఇవతల ఊరు, అవతల బడి, పొలాలు, పాలకేంద్రం. ఎవరు ఎటు వెళ్ళినా చింతచెట్టు దగ్గరే దాటాలి. మా అత్త కాలం నుంచీ అదే కాలిబాట, నడిచి నడిచి తెల్లగా నున్నగా మెరిసేది. ఆ చెట్టుకింద నా టీ బడ్డీ. దాటినవాళ్ళు ఆగకుండా పోతారా? పోరు. అదే దాలమ్మక్కకి కడుపుమంట. దాలమ్మంటే నా తోడికోడలు, పెద్దది. ఊరి చివర పాడునుయ్యి పక్కన ఇల్లు. నా బజ్జీల్లో ఉప్పెక్కువని ఊరంతా చెప్పేది, చెబుతూనే నాలుగు తినేది.

అలా ఉండగా రోడ్డు పెద్దది చేస్తామని ఇంజనీరమ్మ వచ్చింది. సన్నటి పిల్ల, ఎండలో కాలినడకనే తిరిగింది. లారీలు ఎటు పోతాయో లెక్క తీస్తే తెలిసిపోతుందట, నడిచేవాళ్ళని మాత్రం అడగాలిట. మీరు ఎక్కడ దాటుతారో అక్కడే రోడ్డు కింద నుంచి దారి వేస్తాం, లైట్లు పెడతాం, పిల్లలు లారీకి ఎదురుపడే పనే ఉండదని చెప్పింది. మా మాట ఒక్కటే నమ్మకుండా కాలిబాటలు కూడా చూసుకుంటూ వచ్చింది. బాట అబద్ధం చెప్పదు గదా.

చెప్పించింది దాలమ్మక్క. ఆ పిల్ల చెట్టు దగ్గరికి వచ్చే రోజున తెల్లారకముందే తుమ్మకంప కొట్టుకొచ్చి బాటకి అడ్డంగా రోడ్డుకి రెండు వైపులా వేసింది. మేకలు లాగెయ్యకుండా మేకులు పాతి పాత చీర పేలికతో వాటికి కట్టింది. బాట మీద కంప ఉందంటే ఏమిటి అర్థం? అటు దారి లేదని. ఎద్దు కూడా వెనక్కి తిరుగుతుంది. ఇంజనీరమ్మ చూసి, ఇటు నడవడం మానేశారా అని అడిగితే, దాలమ్మక్క పనిగట్టుకుని అక్కడే నిలబడి, ఎప్పుడో మానేశాం తల్లీ, ఇప్పుడందరం నూతి దగ్గరే దాటుతున్నాం అంది. ఆ పిల్ల రాసుకుంది.

నేను చూశానా? పొయ్యి ముట్టిస్తూ అంతా చూశాను. నోరు విప్పితే బడ్డీ కోసం మాట్లాడుతోంది అంటారని ఊరుకున్నాను. అది సగం మాటే. దారి నూతి దగ్గర వేస్తే వెయ్యనీ, జనం నా దగ్గరికే వస్తారు, అప్పుడు చూద్దాం దాని మొహం అనుకున్నాను. అదీ ఉంది.

అనుకున్నట్టే అయింది. నూతి దగ్గర కింద దారి వచ్చింది, వెడల్పుగా, వెలుగుగా. దాని మొగలోనే దాలమ్మక్క బడ్డీ పెట్టి రెండు బల్లలు వేసింది. కాళ్ళు అటు పోతేనా? అంత దూరం పోయి మళ్ళీ అంత దూరం ఎవరొస్తారు? వారం తిరక్కుండా మనవాళ్ళు చెట్టుకి ఎదురుగా డివైడర్ పగలగొట్టారు. రోడ్డువాళ్ళు రెండుసార్లు పూడ్చారు, మనవాళ్ళు రెండుసార్లు పగలగొట్టారు. గునపం ఇచ్చింది నేనే. నీ బడ్డీకి రాచబాట వేయించుకున్నావే ఎర్నమ్మా అని ఊళ్ళోవాళ్ళు నవ్వితే నేనూ నవ్వాను.

ఇక అక్క తన పొయ్యి వదిలేసి రోజూ పొద్దున్నే ఇవతల గట్టున నిలబడి, నా బల్లల మీద ఎవరెవరు కూర్చున్నారో చూసేది. ఒకరోజు దాని మనవరాలు కస్తూరి, ఏడేళ్ళది, భుజాన సంచీతో, నా నూనె వాసన పట్టుకుని రోడ్డులోకి దిగింది. దాలమ్మక్క కేక వేసింది. అక్కడికెందుకే, మన బడ్డీ లేదా అంది. నా చెవులతో విన్నాను. అంటూనే పరుగెత్తి సంచీ పట్టి వెనక్కి లాగింది. పిల్ల ఇవతల పడింది. లారీ అక్కని తీసుకుపోయింది.

పిల్లని కాపాడబోయిందా, నా దగ్గరికి రానివ్వకూడదనుకుందా? రెండూ ఒకే పరుగులో ఉండకూడదా ఏం? ఆ కేక సంగతి కస్తూరికి ఇంతవరకూ చెప్పలేదు. మీరూ చెప్పకండి.

పెద్దకర్మ అయిన మర్నాడు నా బడ్డీ ఎత్తేశాను. తెల్లవారుజామున ఎవరి కంటా పడకుండా తుమ్మకంప కొట్టి, డివైడర్ పగలగొట్టిన సందులో అడ్డంగా వేసి, దానిలాగే పేలికతో కట్టాను. ఎవరో లాగేసేవారు, మళ్ళీ వేసేదాన్ని. ఊళ్ళో ఏమన్నారో తెలుసా? దాలమ్మ చచ్చి కూడా ఎర్నమ్మ బడ్డీకి ఎవర్నీ పోనివ్వడం లేదన్నారు. బడ్డీయే లేదు, అయినా అన్నారు. అననిచ్చాను. ఆ భయంతోనే జనం నూతి దారి పట్టారు, పిల్లలు రోడ్డు కింద నుంచి బడికి పోవడం మొదలుపెట్టారు.

ఏడాది గడిచాక నాకు జ్వరం తగిలి పదిరోజులు మంచం దిగలేదు. కంప ఎండిపోయి ఉంటుంది, ఏ పిల్లో దిగే ఉంటుందని ఒకటే బెంగ. లేవగానే కర్ర పట్టుకుని వెళ్ళాను. కంప ఉంది. పచ్చిది. కొట్టిన చోట జిగురు ఇంకా ఆరలేదు. కట్టిన పేలిక చూశాను. మామిడిచిగురు రంగు. అక్కని సాగనంపినప్పుడు నేనే కప్పిన చీర.

భయపడ్డానా? నిజం చెప్పాలంటే కుళ్ళుకున్నాను. ఏడాదంతా చేతులు చీరుకుపోయేలా వేసింది నేను, పేరు దానికి. ఇప్పుడు ఆ పని కూడా లాక్కుంది. మర్నాడు ఇంకా ముందు లేచి వెళ్ళాను. అప్పటికే వేసేసి ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా దానికంటే ముందు లేవలేకపోయాను.

కాబట్టి రేపు బడికి నూతి దారినే పొండి. నాలుగడుగులు ఎక్కువ వేస్తే కాళ్ళు అరిగిపోవు. చింతచెట్టు వైపు మాత్రం వెళ్ళకండి. అక్కడ మా ఇద్దరికే చోటు చాలడం లేదు.